ఖాళీ భరిణె తిరిగివచ్చిన దారి

కృష్ణా డెల్టాలో అలంకరణ చరిత్ర రాసేవారు గంధం, కాటుక, కుంకుమ, పన్నీరు వంటి ద్రవ్యాల గురించే రాస్తారు గాని, వాటిని దాచిన పాత్రలు ఖాళీ అయ్యాక ఏమయ్యాయన్న ప్రశ్న జోలికి సాధారణంగా పోరు. ఆ ప్రశ్న అడగవలసిన అవసరం చాలాకాలం రాకపోవడమే దానికి కారణం. కుంకుమ దాచుకునే మూతపెట్టె అయిన భరిణె, కాటుక పట్టి ఉంచే ఇత్తడి లేదా వెండి కాయ, పెళ్ళిపందిట్లో అతిథులపై పరిమళజలం చిలకరించే సన్నమెడ పన్నీరుబుడ్డి, ఇవన్నీ తమలోని ద్రవ్యం కంటే ఖరీదైనవి, ఎక్కువకాలం మన్నేవి, సారెతోపాటు తల్లి నుంచి కూతురికి చేరేవి. ద్రవ్యం అయిపోతే పాత్రను మళ్ళీ నింపుకునేవారు. ఆ వరస తలకిందులై, పాత్ర పారవేయదగ్గ వస్తువుగా మారడానికి సుమారు నూరేళ్ళు పట్టింది. దానిని అమ్మినవాడే వెనక్కి తీసుకునే బాధ్యత వహించాలన్న ఆలోచన చట్టంలో స్థిరపడింది మాత్రం నిన్నమొన్న.

మూత ఉన్న పెట్టెకు ఈ నేల మీద పాత పేరే ఉంది. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించినప్పుడు దొరికిన రాతిపేటికల మీది ప్రాకృత శాసనాలలో, బుద్ధధాతువులను ఉంచిన స్ఫటికపు పెట్టెను ‘ఫలిగ సముగ’ అన్నారు. ఆ ‘సముగ’ సంస్కృతంలోని సముద్గకమే, అంటే మూతతో సరిగ్గా కూర్చునే చిన్న పెట్టె. ధాతువులకైనా నగలకైనా వాడిన మాట ఒక్కటే కావడం చూస్తే, లోపలిదానికి ఎంత గౌరవమో పెట్టెకూ అంత గౌరవం దక్కిన కాలమొకటి ఉండేదని అనుకోవచ్చు. ఇటీవలి శతాబ్దాలలో తెలుగు ఇళ్ళకు తెలిసిన భరిణెలలో పేరుపడ్డవి ఉత్తరాంధ్రలోని ఏటికొప్పాకలో తయారైనవి. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్కరంగు పట్టించి చేసే ఆ భరిణెలు నునుపు తగ్గేలోపు ఎన్ని వీశెల కుంకుమను చూసి ఉంటాయో చెప్పడం కష్టం.

ఇంట్లో పాత్ర ఉన్నప్పుడు సరుకు విడిగా వస్తే చాలు. విజయవాడలో ఇంద్రకీలాద్రి కింద కుంకుమను కాగితపు పొట్లంలో కట్టి ఇచ్చేవారు. కొబ్బరినూనెకు, ఆముదానికి సీసా పట్టుకుని గానుగ దగ్గరకో కొట్టుకో వెళ్ళడం పిల్లల పని. ఆముదపు దీపపు మసిని ఇత్తడి పళ్ళేనికి పట్టించి కాటుకను ఇంట్లోనే చేసుకునేవారు. తలంటుకు కావలసిన కుంకుడుకాయ తన పెట్టెను తానే మోసుకొచ్చేది, దాని గింజలు సైతం పిల్లల ఆటలకు మిగిలేవి. పొట్లం కట్టిన కాగితం కూడా కొత్తది కాదు, ఎవరో చదివి పడేసిన పత్రికదో, పరీక్ష రాసి మరిచిపోయిన నోటుపుస్తకానిదో అయి ఉండేది. ఇదంతా పర్యావరణ స్పృహ అని ఈనాటి మాటల్లో పొగడడం పొరపాటు. కాగితానికి, సీసాకు, లోహానికి మనిషి శ్రమ కంటే ఎక్కువ ధర ఉన్న సమాజం చేసుకున్న సర్దుబాటు అది.

ఆ సర్దుబాటులో అన్నిటికంటే ఆసక్తికరమైనది పూసలవారి వ్యాపారం. పూసలు, పిన్నీసులు, దువ్వెనలు, కుంకుమ, కాటుక, సవరాలు బుట్టలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే సంచార కులస్థులను తెలుగునాట పూసలవారని పిలుస్తారు. గాజుల వరసలను దారాలకు గుచ్చి మలారంగా భుజాన వేసుకుని వచ్చే గాజులవాడు ఒకచోట కూర్చుని చేతులకు గాజులు తొడిగి డబ్బో ధాన్యమో తీసుకుని వెళ్ళిపోతే, పూసలావిడ మాత్రం ఇంటివాళ్ళు చూరులోనో గోడసందులోనో చుట్టచుట్టి దాచిన చిక్కు వెంట్రుకలను అడిగి తీసుకునేది. దువ్వెనకు వచ్చిన ఆ వెంట్రుకలకు బదులుగా పిన్నీసులు, సూదులు, పిల్లలకు బూరలు, తరువాతి కాలంలో స్టీలు గిన్నెలు ఇచ్చేవారు. ఆ వెంట్రుకలను చిక్కుతీసి, కడిగి, పొడవుల వారీగా వేరుచేసి సవరాలు అల్లితే అవే మళ్ళీ బుట్టలోకి ఎక్కి, జడ చాలని మరో ఇంటికి చేరేవి. ఈ వ్యాపారం చావలేదు. దువ్వెనకు రాలిన వెంట్రుకలను ‘గోలీ’ అనే పేరుతో ఎగుమతిదారులు ఈనాటికీ కొంటున్నారు, డెల్టా అంచునున్న ఏలూరు వెంట్రుకల వ్యాపారానికి పేరుపొందింది. అలంకరణ వస్తువును అమ్మిన చేయే అలంకరణలో మిగిలినదానిని వెనక్కి తీసుకోవడం, తీసుకున్నదానికి అక్కడికక్కడే వెల కట్టడం, దానినే మళ్ళీ సరుకుగా మార్చడం అన్న మూడు పనులూ ఒక్క బుట్టలో ఇమిడి ఉన్నాయి. ఈనాటి సౌందర్య సాధనాల కంపెనీలు ఖాళీ పాత్రల వాపసు పథకం పేరిట చేయాలని చూస్తున్నది సారాంశంలో ఇదే. అయితే ఆ బుట్టను నడిపినవారికి చరిత్రలో పేరు లేదు, వారు తిరిగిన దారుల లెక్క కూడా ఎవరూ రాసిపెట్టలేదు.

పేరుముద్రతో వచ్చే సీసా ఈ డెల్టాకు కాలువల మీదుగా, రైలు మీదుగా వచ్చింది. అంతకు చాలా ముందే, గోల్కొండ సుల్తానుల కాలంలో, మచిలీపట్నం రేవుకు పర్షియా నుంచి గుర్రాలతో, ఎండుపళ్ళతో పాటు గులాబీజలం దిగుమతి అయ్యేది గాని అది దర్బారుకు, సంపన్నులకు పరిమితమైన సరుకు. 1855లో బెజవాడ (నేటి విజయవాడ) దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయి కాలువలు సాగుతోపాటు పడవల ప్రయాణానికీ పనికివచ్చాక, 1893లో నది మీద రైలు వంతెన పడ్డాక, మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో తయారైన చిన్న చిన్న గాజుసీసాలు పల్లె కొట్లదాకా చేరడం మొదలైంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అదే 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించడం యాదృచ్ఛికమే అయినా, ఈ కథకు చక్కగా అతికే యాదృచ్ఛికం. తలనొప్పి మందు సౌందర్య సాధనం కాదన్న మాట నిజమే. అయినా తెలుగు ఇంట్లోకి ఒక కంపెనీ పేరుతో, మూతతో, అచ్చువేసిన చీటీతో నిలకడగా వచ్చిన తొలి చిన్న సీసాలలో అదొకటి కనుక, ఖాళీ సీసా అనే సమస్య చరిత్రలో దానికి చోటు ఉంది. ఆ లాభంతోనే పంతులు 1908లో ఆంధ్రపత్రికను స్థాపించారు. ఒకే యజమాని సరుకులలో సీసా ఇంట్లో మిగిలిపోతే, పాతబడ్డ పత్రిక కొట్లో పొట్లమై తిరిగింది.

1919లో బొంబాయిలో పుట్టిన అఫ్గాన్ స్నో వంటి ముఖలేపనాలు, ఆ తరువాత విదేశీ, స్వదేశీ పౌడర్లు, నఖరంగులు అదే దారిలో వచ్చాయి. ముఖానికి రాసుకునే తెల్లని లేపనానికి తెలుగు ఇళ్ళలో ‘స్నో’ అన్న పేరే స్థిరపడి, ‘స్నో పౌడరు’ జంటపదమైపోయింది. వీటి సీసాలకూ, రేకు డబ్బాలకూ ఇంట్లో రెండో జన్మ ఉండేది: చిన్న సీసా మూతకు చిల్లు చేసి ఒత్తి దూరిస్తే కిరసనాయిలు బుడ్డి, పౌడరు డబ్బా మూతకు గీటు కోస్తే పిల్లల డిబ్బీ, స్నో సీసా కడిగితే ఉప్పుకో వక్కపొడికో పాత్ర. ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. అదే కాలంలో గోలీసోడా సీసా, గోదావరి వైపు రామచంద్రపురంలో తయారైన ఆర్టోస్ పానీయం సీసా కొట్టుకు తప్పనిసరిగా తిరిగివచ్చేవి, ఎందుకంటే అక్కడ అమ్మేది పానీయాన్నే గాని సీసాను కాదు, సీసా కంపెనీ ఆస్తి. స్నో సీసా మాత్రం కొన్నవారి సొంతం. అది ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళే దారిని ఎవరూ వేయలేదు. పైగా ఖాళీ సీసాలు నకిలీ సరుకు నింపేవారి చేతిలో పడతాయన్న భయంతో కంపెనీలు తమ పేరున్న పాత్ర మళ్ళీ మార్కెట్లో కనిపించకపోవడాన్నే కోరుకున్నాయి.

ఇంట్లో చోటు చాలనప్పుడు ఈ సీసాలు, డబ్బాలు పాత సామాన్లవాడి తక్కెడలో పడేవి. పాత ఇనపసామాన్లకు, ఖాళీ సీసాలకు ఉల్లిపాయలు ఇస్తామన్న కేక డెల్టా పల్లెల్లో సైకిలు మీద, తోపుడుబండి మీద వినిపించేది. పల్లె తక్కెడ నుంచి పట్టణపు పాత సామాన్ల కొట్టుకు, అక్కడినుంచి గాజు, రేకు, కాగితం దేని దారిన అది కరిగించే చోటికి పోయేవి. పూసలావిడ బుట్టకూ ఈ తక్కెడకూ మధ్య జరిగిన మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. అమ్మేవాడు వేరు, తీసుకునేవాడు వేరు అయిపోయాడు. ఇక పాత్ర ఎలా తయారుచేస్తే తిరిగి పనికివస్తుందన్నది తయారుచేసేవాడి ఆలోచనలో ఉండవలసిన అవసరం పోయింది.

రేకు స్థానంలో ప్లాస్టిక్ వచ్చిన తీరు ఆ నిర్లక్ష్యానికి మంచి ఉదాహరణ. రేకు డబ్బాలలో అమ్మే కొబ్బరినూనెను 1980ల తొలినాళ్ళలో పారాచూట్ తయారీ సంస్థ ప్లాస్టిక్ సీసాలలోకి మార్చాలనుకున్నప్పుడు కొట్ల యజమానులు ఒప్పుకోలేదు. అంతకుముందు వచ్చిన నలుచదరపు ప్లాస్టిక్ డబ్బాలను నూనెవాసనకు ఎలుకలు కొరికివేయడమే దానికి కారణం. పంటికి అందని గుండ్రటి సీసా చేసి, ఎలుకలతో పరీక్షించి మరీ కంపెనీ వారిని ఒప్పించింది. ఎలుక కొరకలేని సీసా ఖాళీ అయ్యాక ఏమవుతుందన్న ప్రశ్న ఆ పరీక్షలో లేదు. అయినా ఆ సీసా ఒకే రకం ప్లాస్టిక్‌తో, చేతికి బరువు తెలిసేంత మందంగా ఉండడం వల్ల పాత సామాన్లవాడు దానిని కాదనలేదు.

ఆయన కాదన్న వస్తువు షాంపూ ప్యాకెట్టు. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్, పేదలు కూడా కొనగలిగేలా ద్రవసరుకులను చిన్న ప్యాకెట్లలో నింపాలన్న ఆలోచనకు ఆద్యుడిగా పేరుపొందారు. ఆయన కుటుంబం తెచ్చిన వెల్వెట్ షాంపూ ప్యాకెట్టు దక్షిణాది కొట్లలో తోరణంలా వేలాడింది. వరికోతల కూలి చేతికి వచ్చిన రోజున సీసా షాంపూ కొనలేని స్త్రీకి ఒక తలంటుకు సరిపడే ప్యాకెట్టు అందుబాటులోకి రావడం నిజంగానే ఒక సామాజిక మార్పు, దానిని చిన్నచూపు చూడడానికి లేదు. కుంకుళ్ళు కొట్టి, నానబెట్టి, పిసికి, కంట్లో పడితే మండే రసంతో తలంటుకునే శ్రమ తగ్గింది. కానీ ఆ ప్యాకెట్టు ఒక్క పదార్థంతో చేసినది కాదు. చిరగకుండా ఒక ప్లాస్టిక్ పొర, వాసన, తేమ దాటకుండా అల్యూమినియం పూత, వేడితో అతుక్కోవడానికి మరో రకం ప్లాస్టిక్ పొర కలిసి విడదీయరానంత గట్టిగా అంటుకుని ఉండే ఈ కూర్పును బహుళపొరల ప్లాస్టిక్ అంటారు. గ్రాముకు అటూఇటూ తూగే వాటిని వెయ్యి ఏరితే గాని కిలో కాదు, ఏరినా కరిగించి మళ్ళీ అదే వస్తువు చేయలేరు. తక్కెడ దానిని తిరస్కరించడంలో వింత లేదు.

విచిత్రమేమంటే, దక్షిణాదిలో ఖాళీ పాత్రను వెనక్కి తీసుకున్న ప్రసిద్ధ పథకాలలో మొదట చెప్పుకోవలసింది ఈ షాంపూ ప్యాకెట్టుదే. చిన్ని కృష్ణన్ కుమారుడు సి.కె. రంగనాథన్ ఇల్లు విడిచి వచ్చి, 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో చిక్ షాంపూ ప్రారంభించారు. అదే తరువాత కెవిన్‌కేర్ సంస్థగా పెరిగింది. ఏ కంపెనీవైనా సరే అయిదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు కొట్టుకు తెస్తే ఒక చిక్ ప్యాకెట్టు ఉచితంగా ఇస్తామని ఆయన ప్రకటించారు. కొంతకాలానికి షరతు మార్చి, తెచ్చే ఖాళీలు చిక్‌వే అయి ఉండాలన్నారు. దానితో కొనేవారు చిక్ పేరు పెట్టి అడగడం మొదలై, నెలకు 35,000 రూపాయలున్న అమ్మకాలు 12 లక్షలకు పెరిగాయని ఆయన చెప్పుకున్నారు. ఈ పథకంలో ఖాళీ ప్యాకెట్టు ముడిసరుకు కాదు, కొన్నారనడానికి సాక్ష్యం మాత్రమే. లెక్క తేలాక దానితో ఎవరికీ పనిలేదు. అయినా పర్యావరణ చరిత్రకారుడికి ఆ పథకం ఒక సంగతి రుజువు చేస్తుంది: ఎవరూ ఏరరని ఈనాడు అందరూ అనుకునే ప్యాకెట్టును, అయిదింటికి ఒకటి అన్న వెల కట్టగానే, జనం ఏరి, దాచి, లెక్కపెట్టి కొట్టుకు తెచ్చారు. లోపం జనం అలవాట్లలో ఉందన్న వాదానికి ఇంతకంటే గట్టి జవాబు దొరకదు.

ప్రపంచంలో మరోచోట ఇదే ఆలోచన వేరే ముఖంతో నడిచింది. 1976లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో బాడీషాప్ తెరిచిన అనితా రాడిక్, సీసాలు కొనే స్తోమత చాలక, కొన్నవారు తమ సీసా తెచ్చి మళ్ళీ నింపుకునే పద్ధతి పెట్టారు. డెల్టాలో నూనెసీసాతో కొట్టుకు వెళ్ళిన పిల్లవాడికి అందులో కొత్త కనిపించి ఉండదు. 1984లో టొరంటోలో మొదలైన మాక్ సంస్థ ఆరు ఖాళీ పాత్రలు తెచ్చినవారికి ఒక లిప్‌స్టిక్ ఇచ్చే పథకాన్ని దశాబ్దాల పాటు నడిపింది. 2006లో భారతదేశానికి వచ్చిన బాడీషాప్ ఇక్కడి దుకాణాలలోనూ ఖాళీ సీసాలు స్వీకరించే ఏర్పాటు చేసింది. ఇలాంటి పథకాలకు కారణం ఉంది: లిప్‌స్టిక్ గొట్టంలో ప్లాస్టిక్, లోహం, కొన్నిట అయస్కాంతం, పౌడరు డబ్బాలో అద్దం, లేపనం సీసా పంపులో ఉక్కు స్ప్రింగు కలిసి ఉండడం వల్ల మామూలు తక్కెడ వాటిని తీసుకోదు, ప్రత్యేకంగా విడదీయాలి. అయితే ఇవి పెద్ద నగరాల మాల్‌లలో, ఖరీదైన సరుకు కొనేవారి మధ్య నడిచే పథకాలు. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఫ్యాన్సీ కొట్టు బయట దండలా వేలాడే ప్యాకెట్ల సరుకుకు, ఉయ్యూరు సంతలో అమ్ముడయ్యే గోళ్ళరంగుకు వాటితో చుట్టరికం లేదు.

చట్టం ఆ చుట్టరికాన్ని మరో దారిలో కలపాలని చూసింది. 2016 మార్చిలో కేంద్రం ప్రకటించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు, సరుకు తయారుచేసి ప్లాస్టిక్‌లో చుట్టి అమ్మినవారే ఆ ప్లాస్టిక్ చివరి గతికి బాధ్యులన్న సూత్రాన్ని బలపరిచాయి. ఉత్పత్తిదారుడి విస్తృత బాధ్యత అని దీనికి పేరు. తిరిగి వాడలేని బహుళపొరల ప్లాస్టిక్‌ను రెండేళ్ళలో మానుకోవాలని కూడా ఆ నియమాలలో ఉంది. రెండేళ్ళు నిండుతుండగా, 2018 మార్చి సవరణలో ఆ నిషేధం ఇంధనంగా కాల్చడానికైనా మరే ఇతర పనికైనా ఉపయోగపడని ప్లాస్టిక్‌కు మాత్రమే కుదించుకుపోయింది. కాలని ప్లాస్టిక్ దాదాపు లేదు కనుక షాంపూ ప్యాకెట్టు బతికిపోయింది. గుట్కా, పొగాకు, పాన్‌మసాలా ప్యాకెట్లకు లేని క్షమాభిక్ష దానికి దక్కింది. 2022 ఫిబ్రవరి మార్గదర్శకాలు గట్టి ప్లాస్టిక్, మెత్తటి ప్లాస్టిక్, ప్లాస్టిక్‌తోపాటు ఇతర పదార్థమూ ఉన్న బహుళపొరలు, మట్టిలో కలిసే ప్లాస్టిక్ అని నాలుగు తరగతులు చేసి, 2024–25లో గట్టి ప్లాస్టిక్‌లో 50 శాతం, బహుళపొరలలో 30 శాతం పునర్వినియోగంలోకి రావాలని లక్ష్యాలు పెట్టాయి. ఆ శాతాలు 2027–28 నాటికి 80, 60కి పెరగాలి. మిగిలినది రోడ్లలో కలపవచ్చు, సిమెంటు కొలిమిలో కాల్చవచ్చు. కంపెనీ తన సీసానే వెతికి తెచ్చుకోనక్కరలేదు, అదే తరగతికి చెందిన ఎవరి ప్లాస్టిక్‌ను శుద్ధిచేసిన కేంద్రం నుంచైనా ధ్రువపత్రం కొంటే చాలు. చిక్ పథకం ఎవరి ఖాళీ అయినా ఫరవాలేదన్న చోట మొదలై తన ఖాళీయే కావాలన్న చోటికి చేరితే, చట్టం ఎవరి ఖాళీ అయినా సరేనన్న దగ్గరే నిలిచింది. దీనివల్ల సేకరణ సులభమైంది గాని, తిరిగివచ్చిన తన సీసాను చూసి దాని రూపం మార్చుకోవలసిన ఒత్తిడి కంపెనీ మీద పడలేదు.

ఈ నియమాల ఫలితాన్ని విజయవాడలో చూడాలంటే కాలువల దగ్గరకు వెళ్ళాలి. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ నగరం మధ్యగా పోతాయి. వేసవిలో నీళ్ళు కట్టేసినప్పుడు అడుగున తేలే బురదలో కొబ్బరినూనె సీసాలు అరుదు, వాటిని ఎవరో ఏరుకుంటారు. మిగిలేవి మెరిసే చిన్న ముక్కలు. 1888లో పురపాలక సంఘంగా ఏర్పడిన నగరం దశాబ్దాల పాటు అజిత్‌సింగ్‌నగర్‌లో పోసిన చెత్తగుట్టను తవ్వి, జల్లెడ పట్టి, మట్టినీ ప్లాస్టిక్‌నూ వేరుచేసే పనికి ఇటీవలే పూనుకుంది. నగరాల పరిశుభ్రతను కొలిచే 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్, సూరత్‌ల తరువాత మూడో స్థానం పొందిన నగరమిది. అదే ఏడాది అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం విజయవాడలో ప్రారంభించిన క్లాప్ కార్యక్రమం ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు ఇచ్చి, చెత్త తీసుకెళ్ళినందుకు నెలనెలా రుసుము వసూలు చేసింది. ప్రజలు దానికి చెత్తపన్ను అని పేరు పెట్టారు, కొత్త ప్రభుత్వం 2024 చివరలో రద్దు చేసింది. ఖాళీ సీసా ఇచ్చి ఉల్లిపాయలు పుచ్చుకున్న ఇల్లాలినే దానిని పట్టుకుపోవడానికి డబ్బు అడిగినప్పుడు ఆమెకు కోపం రావడం, పౌరబాధ్యత లేకపోవడం వల్ల కాదు. ఖాళీకి వెల ఉంటుందన్న పాత లెక్క ఆమెకు ఇంకా గుర్తుండడం వల్ల.

2025లో రాష్ట్రంలోని గ్రామాలకు స్వచ్ఛరథం అనే వాహనాలు రావడం మొదలైంది. పొడిచెత్త తెచ్చినవారికి దాని విలువకు సరిపడే నిత్యావసర సరుకులు ఇవ్వడం వాటి పని. ప్రభుత్వపు రంగు వేసుకుని వచ్చిన పాత ఉల్లిపాయల బండి అనవచ్చు. దానిలో గాజుకు, ఇనుముకు, అట్టకు, గట్టి ప్లాస్టిక్‌కు తూకం ఉంది. పూసలావిడ వెంట్రుకలను తూచేది కాదు, పిడికిట చుట్టి చూసి ఇన్ని పిన్నీసులని చెప్పేది. చిక్ కొట్టువాడు తూచేవాడు కాదు, అయిదు లెక్కపెట్టేవాడు. తూకం మీద నడిచే బండి దగ్గరకు గ్రాము బరువున్న ప్యాకెట్టు చేరాలంటే ముందుగా ఎవరో దానిని మళ్ళీ లెక్కపెట్టడానికి ఒప్పుకోవాలి.